జర్మనీలో గుర్రపు బేరం

నేను జర్మనీ వెళ్ళి గుర్రం కొనుక్కుని వచ్చానంటే మా వీధిలో ఎవ్వరూ నమ్మలేదు. విమానం ఎలా ఎక్కించావని ఎదురింటాయన వెటకారం చేశాడు. చొక్కా జేబులో పెట్టుకుని ఎక్కించానన్నాను. అబద్ధం కాదు. ఆ గుర్రం పొడవు నా అరచేతిలో ఇమిడిపోతుంది. రంగు నలుపు. రెండు పాదాలే.

వీణమీద తీగలు ఆనుకునే చిన్న పీటను మనం గుర్రం అంటాం గదా! తీగలు దానిమీద స్వారీ చేస్తాయి. లేక అదే తీగల్ని మోస్తుంది, ఎలా అనుకున్నా సరే. గిటారుకూ అటువంటి పీట ఉంటుంది. నేను తెచ్చింది మా అన్నయ్య బేస్ గిటారుకు.

బేస్ గిటారు అంటే ఏమిటో పెళ్ళిపందిట్లో పాటకచేరీ విన్న ప్రతివారికీ తెలుసు, పేరు తెలియకపోవచ్చు. పాడేవాడి గొంతు, వాయులీనం, కీబోర్డు అన్నీ చెవికి తగులుతుంటే, కుర్చీలో కూర్చున్నవాడి గుండెల్లో దుమ్ము దుమ్ముమని మరొకటి మోగుతూ ఉంటుంది. అదీ బేసు. నాలుగే తీగలు. మామూలు గిటారు కింది తీగలకంటె ఒక స్థాయి దిగువ పలుకుతాయి. అది వాయిస్తున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. ఆపితే మాత్రం పాట కూలబడుతుంది.

మా అన్నయ్య వాల్తేరులో రైల్వే గుమాస్తాగా ఉండేవాడు. 1972లో విశాఖపట్నం రేవుకు వచ్చిన ఓడ నావికుడి దగ్గర ఈ బేసు కొన్నాడు. మూడు నెలల జీతం పోసి కొన్నందుకు మా నాన్నగారు వారం రోజులు మాట్లాడలేదు. మాది విజయనగరం. 1919లో పుట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరు, ఆదిభట్ల నారాయణదాసుగారు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠాలు చెప్పిన ఊరు. అలాంటి ఊళ్ళో ఫిడేలు ఆకారంలో ఉండి, ఫిడేలు కాక, కరెంటు తగిలిస్తేగాని పలకని ఈ వాయిద్యాన్ని ఏమనాలో ఎవరికీ పాలుపోలేదు. మా అమ్మ మాత్రం దాన్ని "పెద్దాడి ఫిడేలు" అనేది. తలమీద హోఫ్‌నర్ అని పేరుండేది.

నావికుడు అన్నయ్యకు ఒకే ఒక్క పాఠం చెప్పాడట. తీగలు మార్చేటప్పుడు ఒకటి తీసి, దాని స్థానంలో కొత్తది బిగించి, తరువాతనే రెండోదాన్ని ముట్టుకోవాలి, అన్నీ ఒక్కసారి తియ్యకూడదు. ఎందుకో చెప్పలేదు. అన్నయ్య అడగలేదు. గురువు మాట గదా అని అక్షరాలా పాటించాడు.

పాటించనివాణ్ణి నేను.

1976లో అన్నయ్యను రెండు నెలలు శిక్షణకని ఖరగ్‌పూరు పంపారు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. అన్నయ్య వచ్చేసరికి బేసును తళతళా మెరిపించి ఆశ్చర్యపరుద్దామన్న బుద్ధి పుట్టింది. కొబ్బరినూనె, మెత్తటి గుడ్డ తెచ్చుకుని, తుడవడానికి అడ్డంగా ఉన్నాయని నాలుగు తీగలూ విప్పేశాను. నాలుగోది వదులయ్యిందో లేదో, తీగల కింది నల్లపీట టక్కున ఊడి, గచ్చునేల మీద పడి రెండు ముక్కలయింది. దానిమీద ఉండే సన్నటి లోహపు ముక్కలు నాలుగూ ఎగిరి ఎక్కడ పడ్డాయో నాకు ఇవాళ్టికీ తెలియదు.

నాకు పట్టిన చెమటలు చెప్పలేను. పీట అసలు అతికించి ఉండదనీ, తీగల బిగువుకే నిలబడి ఉంటుందనీ నాకేం తెలుసు? నేనే పెళ్ళగించాననుకున్నాను. విరిగిన ముక్కలు చూపించి ఒక వడ్రంగి చేత టేకుతో అలాంటిదే చేయించాను. పాపం, అతను తలుపులూ మంచాలూ చేసేవాడు. చూడటానికి ముచ్చటగానే చేశాడు. మళ్ళీ ఊడకుండా వజ్రం కాచి గట్టిగా అతికించాడు కూడాను. ఎక్కడ అతికించాలని అడిగితే, కంటికి బాగుందనిపించినచోట వేలు పెట్టి చూపించింది నేనే. బూటుపాలిషు పూసి నల్లగా చేశాను.

అన్నయ్య వచ్చాడు. చూశాడు. "పాతది బీటవేసిందన్నయ్యా, కొత్తది చేయించాను" అన్నాను. "పోనీలే, బాగానే ఉంది" అన్నాడు.

అది మొదలు అన్నయ్య వాయింపులో ఏదో తేడా వచ్చింది. కింది మెట్లమీద బాగానే ఉండేది. చెయ్యి పైకి వెళ్ళినకొద్దీ స్వరం పాటతో కలిసేది కాదు. మొదట తీగలు పాతబడ్డాయనుకున్నాడు. తరువాత వేళ్ళు మొద్దుబారాయనుకున్నాడు. ఒకసారి దసరా పందిట్లో పాడే ఆయన అందరిలోనూ వెనక్కి తిరిగి చూశాడట. ఆ రాత్రి ఇంటికి వచ్చి, "నా చెవి పోయిందిరా" అన్నాడు. అప్పటికతనికి ముప్ఫై నాలుగు. 1983 నాటికి బేసు పెట్టెలోకీ, పెట్టె అటకమీదకీ వెళ్ళిపోయాయి. తరువాత ఇంట్లో ఎవరైనా పాడుతుంటే అన్నయ్య లేచి వరండాలోకి వెళ్ళేవాడు. శ్రుతి తెలియనివాడు సభలో కూర్చోకూడదనేవాడు.

నాకు అనుమానం లేకపోలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. అంతే.

ఇక ప్రయాణం సంగతి. 2024 మే నెలలో మా అమ్మాయి దగ్గరకు ఎర్లాంగెన్ వెళ్ళాను. దక్షిణ జర్మనీలో, నూరెంబర్గుకు ఉత్తరంగా ఉన్న ఊరు. సీమెన్స్ కంపెనీవల్ల పెరిగిన పట్టణం. మనవాళ్ళు కూడా తగినంతమంది ఉన్నారు, బజారులో "ఏమండీ" అన్న పిలుపు వినపడితే ఉలిక్కిపడనక్కరలేదు. వీధులు గళ్ళనోటుపుస్తకంలో గీసినంత తిన్నగా ఉంటాయి. ఎందుకయ్యా అంటే, ఫ్రాన్సులో మతవిద్వేషానికి తట్టుకోలేక పారిపోయి వచ్చిన హ్యూగెనాట్లకోసం ఇక్కడి ప్రభువు 1686లో పని కట్టుకుని కట్టించిన ఊరట అది. మేజోళ్ళు అల్లేవాళ్ళూ, చేతితొడుగులు కుట్టేవాళ్ళూ వచ్చి స్థిరపడ్డారు. ఇల్లు పోగొట్టుకున్న పనివాళ్ళకు చోటిస్తే ఊరికి మేలేనన్న సంగతి ఆ ప్రాంతానికి పాత అలవాటన్నమాట. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

మే నెల అక్కడ తెల్ల ఆస్పరాగస్ కాలం. మన మునక్కాడంత పొడుగు లేకపోయినా మనం మునక్కాడకిచ్చే మర్యాదకు రెండింతలు వాళ్ళు దానికిస్తారు. ఉడకబెట్టి వెన్న పోసి తింటారు. నాకు ఉప్పుకారం లేని సొరకాయ గుర్తుకొచ్చింది. ఈ అభిప్రాయం అమ్మాయి ఎవరిముందూ చెప్పవద్దన్నది.

ఒక శనివారం ఫోర్‌హైమ్ అనే పాత ఊరు చూద్దామని లోకల్ రైలెక్కాం. ఎర్లాంగెన్ స్టేషను దాటి నాలుగైదు నిమిషాలు కాలేదు, తరువాతి స్టేషను పేరు రైలులో పలికింది. బూబెన్‌రాయ్ట్. నాకు ఒళ్ళు జల్లుమన్నది. ఆ పేరు నాకు తెలుసు! అంతకు మూడు నెలల ముందే, ఫిబ్రవరిలో, బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీగారి మొట్టమొదటి బేసు దొరికిందని పత్రికలన్నీ రాశాయి. 1961లో హాంబర్గులో కొన్న హోఫ్‌నర్. 1972లో లండనులో దొంగలెత్తుకుపోయారు, యాభై ఏళ్ళ పైచిలుకు తరువాత తిరిగి ఆయన్ను చేరింది. బొమ్మ చూస్తే అచ్చం మా అన్నయ్యది. ఆ కుతూహలంతో ఫోనులో వెతికి, ఆ బేసులు పుట్టిన ఊరు బూబెన్‌రాయ్ట్ అని చదివాను. చదివానేగాని అది మా అమ్మాయి ఇంటికి ఒక్క స్టేషను దూరంలో ఉన్నదని ఎవరనుకున్నారు?

"దిగుదామా నాన్నా?" అన్నది అమ్మాయి, నా మొహం చూసి.

ఫోర్‌హైమ్ ఇవాళ్టికీ నేను చూడలేదు.

బూబెన్‌రాయ్ట్ చూడటానికి ఏమీ లేని ఊరు. ఒక పక్క రైలుకట్ట, రెండోపక్క చెట్లున్న గుట్ట, మధ్యలో ఎర్రపెంకుల ఇళ్ళు, ముందు పూలమొక్కలు. కాని కొంచెం నిదానంగా నడిస్తే కిటికీ అద్దాల వెనక వేలాడుతున్న ఫిడేళ్ళు కనబడతాయి. ఎండకు పెట్టిన వడియాల్లాగా వరసగా కట్టె రంగులో, తేనె రంగులో. ఒక వీధికి షోన్‌బాఖ్ పేరు పెట్టారు. ఆ షోన్‌బాఖ్ ఈ దేశంలో లేదు. చెక్ దేశంలో ఉన్నది, ఇప్పటి పేరు లూబి.

కథంతా ఆ వీధి పేరులోనే ఉన్నది. షోన్‌బాఖ్ అనే ఆ ఊళ్ళో జర్మను మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఫిడేళ్ళు చేసేవి. కార్ల్ హోఫ్‌నర్ 1887లో దుకాణం పెట్టింది అక్కడనే. ఒక ఇంట్లో మెడలు, ఇంకో ఇంట్లో బిరడాలు, మరో ఇంట్లో గుర్రాలు, ఇలా ఇంటికో అవయవం తయారయ్యేది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1945, 46లలో, చెకోస్లవేకియాలోని జర్మను భాషవారిని దాదాపు అందరినీ దేశం వదిలి పొమ్మన్నారు. లక్షల మంది. హిట్లరు చేసిన పాపానికి ఫిడేలు చేసుకునేవాడూ మూటాముల్లే కట్టవలసి వచ్చింది. పనిముట్లు, ఏళ్ళతరబడి ఆరబెట్టిన కర్ర, చాలావరకు అక్కడే వదిలేసి వచ్చారు.

వచ్చినవాళ్ళు తలో దిక్కూ చెదిరిపోతే ఈ పని బ్రతకదు. మెడ చేసేవాడు ఒక ఊళ్ళో, గుర్రం చేసేవాడు మరో ఊళ్ళో ఉంటే ఫిడేలు ఎవరు చేస్తారు? అందరూ ఒక్కచోట ఉండాలి. ఎవరు రానిస్తారు? అప్పటికి కొన్ని వందల మంది రైతులుండే బూబెన్‌రాయ్ట్ గ్రామం 1949లో సరే రమ్మన్నది. తమకంటె ఎన్నో రెట్లు మందిని! పొలాల్లో ఇళ్ళు లేచాయి. హోఫ్‌నర్ కర్మాగారం లేచింది. ఫ్రెడ్ విల్ఫర్ అనే ఆయన 1946లోనే ఎర్లాంగెన్‌లో ఫ్రామస్ కంపెనీ పెట్టాడు, అదీ తరువాత ఇక్కడికే చేరింది. రోలింగ్ స్టోన్స్ బృందంలో బిల్ వైమన్ వాయించినది ఆ ఫ్రామస్ బేసు. మెకార్ట్నీ హోఫ్‌నరూ ఇక్కడిదే. ఆ కాలంలో లోకాన్ని ఊపేసిన రెండు బృందాల దుమ్ము దుమ్మూ ఈ ఆలుగడ్డల పొలాల్లోంచి వచ్చిందే.

ఫిడేలు ఆకారపు ఈ బేసును 1955లో రూపొందించినవాడు కార్ల్ కొడుకు వాల్టర్ హోఫ్‌నర్. అమెరికాలో లియో ఫెండర్ 1951లో తన బేసును పలక చెక్కతో చేశాడు, అది బరువు. వాల్టరుకు చేతనయినది ఫిడేలు పని. అందుకని లోపల డొల్లగా, పైన స్ప్రూసు, వెనక మేపులు పెట్టి ఫిడేలు చేసినట్టే చేశాడు. రెండు కిలోల పైచిలుకు తూగుతుంది. పిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకోవచ్చు. రెండు పక్కలా ఒకే ఆకారం గనక, తిరగేసి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనబడదు. మెకార్ట్నీగారిది ఎడమచేతి వాటం, ఆయనకు అదే నచ్చిందట.

హోఫ్‌నర్ కర్మాగారం ఇప్పుడు ఊళ్ళో లేదు. 1990లలో పక్కనున్న హాగెనౌకు మారిపోయింది. మేము చూస్తూ చూస్తూ ఒక చిన్న ఇంటిముందు ఆగాం. తలుపుమీద ఫిడేలు బొమ్మ. లోపల డెబ్బై దాటిన పెద్దమనిషి, తోలు కప్పడం కట్టుకుని, ముక్కుమీద కళ్ళద్దాలతో గుర్రం చెక్కుతున్నాడు. శనివారం మధ్యాహ్నం దుకాణం మూసే వేళ. ఆయన మొహంలో ఆహ్వానమేమీ లేదు.

అమ్మాయి జర్మనులో నా గోడు చెప్పింది. నా ఫోనులో బేసు బొమ్మలున్నాయి. మెకార్ట్నీ వార్త వచ్చిన రోజున మా అన్నయ్య కొడుకు అటక దింపి తీసి పంపినవి. పెద్దమనిషి మొదట నిర్లక్ష్యంగా చూశాడు. రెండో బొమ్మ దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుని అమ్మాయితో ఏదో అన్నాడు.

"ఈ పీట ఎవరు అతికించారని అడుగుతున్నారు నాన్నా."

నేనేనని చెప్పమన్నాను. నలభై ఎనిమిదేళ్ళలో ఆ మాట మొదటిసారి బయటికి అన్నది ఒక పరాయి దేశస్థుడి ముందు, అదీ దుబాసీ ద్వారా.

ఆయన కోప్పడలేదు. బల్లకింది సొరుగులోంచి నల్లటి పీట ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. నేను విరగ్గొట్టిన దాని కవలపిల్ల! ఎబొనీ కర్ర. అడుగుముక్కకు రెండు పాదాలు. పైముక్కను ఎత్తడానికీ దించడానికీ రెండు పక్కలా చిన్న మరచక్రాలు. పైముక్కమీద వరసగా సన్నటి గాడులు. ఒక్కొక్క తీగకింద ఒక్కొక్క మెట్టు ముక్క, అంటే గిటారు మెడమీద మెట్లకు వాడే తీగే, చిన్న ముక్కగా కత్తిరించి గాడిలో దూర్చినది. దాన్ని కావలసిన గాడిలోకి మార్చుకోవచ్చు. నా నేలమీద ఎగిరిపోయిన లోహపు ముక్కలు అవే.

ఇన్ని గాడులు ఎందుకని అడిగాను. ఆయన ముఖం వికసించింది. అలాంటి ప్రశ్న అడిగితే పనివాడికి పండుగ.

తీగ పొడవు నిర్ణయించేది గుర్రం. ఈ బేసుమీద ఆ పొడవు 76 సెంటీమీటర్లు. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 38 దగ్గర ఉంటుంది. అక్కడ నొక్కితే పైస్థాయి స్వరం రావాలి. అయితే నొక్కినప్పుడు తీగ కొంచెం సాగి బిగుస్తుంది, స్వరం పైకి జరుగుతుంది. ఆ ఎక్కువను సరిచెయ్యడానికి గుర్రాన్ని సగానికంటె కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి. లావు తీగకు ఎక్కువ జరపాలి, సన్నతీగకు తక్కువ. అందుకే గాడులు. గుర్రం స్థానం తప్పితే మెడమీద మెట్లన్నీ తప్పే. కింది మెట్ల దగ్గర ఆ తప్పు వినపడదు, చెయ్యి పైకి పోయినకొద్దీ పెరుగుతుంది. ఫెండరుగారు తన బేసుకు ప్రెసిషన్, అంటే ఖచ్చితమైనది, అని పేరు పెట్టాడు, మెట్లున్నాయి గనక వేలు ఎక్కడపెట్టినా శ్రుతి తప్పదని ధైర్యం. గుర్రం కదిలితే ఆ ధైర్యమంతా గంగపాలు.

"కింద బాగుండి పైన తప్పుతుందా?" అని అమ్మాయి చేత మళ్ళీ అడిగించాను. అవునన్నాడు. ఇంకోసారి అడిగించాను.

అప్పుడాయన, కొలిపించగలరా అన్నాడు. అన్నయ్య కొడుక్కు ఫోను చేశాను. అన్నయ్య అప్పుడే ఫలహారం చేసి నడుం వాల్చాడట. వాడు పిల్లిలా వెళ్ళి బేసు తెచ్చి, వాడి కూతురి స్కూలు స్కేలుతో, టేపుతో కొలిచాడు. మెడపైన సున్నా మెట్టునుంచి పన్నెండో మెట్టుదాకా 38. పన్నెండో మెట్టునుంచి పీటదాకా 37కు ఒక నూలు ఎక్కువ. పెద్దమనిషి కాగితంమీద రెండు అంకెలూ వేసి, రెండోదానికింద గీత గీశాడు. సెంటీమీటరు ముందుకు జరిగింది. పన్నెండో మెట్టు దగ్గర స్వరం అర్ధస్వరంలో సుమారు అయిదో వంతు ఎక్కువ పలుకుతుంది. చెవి లేనివాడికి తెలియదు. మంచి చెవి ఉన్నవాడికి మాత్రం నరకం.

"పీట వెనక చూడమనండి. జిలుగులో రెండు పాలిపోయిన గుర్తులున్నాయా?" అన్నాడు ఆయన.

అన్నయ్య కొడుకు దీపం వేసి చూశాడు. "ఉన్నాయి బాబాయ్, కాలిముద్రల్లాగా" అన్నాడు. పన్నెండేళ్ళు నాలుగు తీగల బరువుతో అదిమిన పాత గుర్రం పాదాలు. అవి అక్కడే ఉన్నాయి. వడ్రంగి పీటకు వెనకగా, సెంటీమీటరు దూరంలో, ఇన్నాళ్ళూ!

తీగలు ఒక్కటొక్కటే మార్చమని నావికుడు ఎందుకు చెప్పాడో అప్పటికి నాకు బోధపడింది. మూడు తీగలు పట్టి ఉంచితే గుర్రం స్థానం వదలదు.

నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. ఆయన అది గ్రహించి కాబోలు, మీ భాషలో దీన్నేమంటారని అడిగాడు. గుర్రం అని చెప్పించాను. ఆయన గలగలా నవ్వాడు. జర్మనులో ష్టేగ్ అంటారట, కాలువమీద వేసే చిన్న కాలివంతెన. ఇటలీవాళ్ళకూ అది చిన్న వంతెనే. ఫ్రెంచివాళ్ళకు మాత్రం షెవలే, అంటే చిన్న గుర్రం. అరవంలో కుదిరై అంటారని నేనూ చేర్చాను. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేసేవాళ్ళ సంగతి చెప్పి, వీణ గుర్రంమీద కంచురేకు ఉంటుందంటే ఆయన బొమ్మ చూపమని పట్టుబట్టాడు. ఒక ఊరంతా ఇదే పని చేస్తుందా అని అడిగాడు. కొన్ని కుటుంబాలు చేస్తాయన్నాను. పిల్లలు నేర్చుకుంటున్నారా అన్నాడు. కొందరే అన్నాను. తన ఇద్దరు పిల్లలూ ఎర్లాంగెన్‌లో ఆఫీసుల్లో పనిచేస్తున్నారని తనంతట తానే చెప్పాడు. ఆయన పుట్టింది ఇక్కడనే. అమ్మానాన్నలది షోన్‌బాఖ్. తల్లి బ్రతికున్నన్నాళ్ళూ ఆ ఊళ్ళో వదిలి వచ్చిన కర్ర దూలాల లెక్క చెబుతూ ఉండేదట.

లోహపు గుర్రం బిగిస్తే గట్టిగా ఉంటుంది గదా అని అడిగాను, మళ్ళీ ఎవరైనా తుడుస్తారేమోనన్న భయంతో. వద్దన్నాడు. మరలకోసం పైపలకకు కన్నాలు పొడవాలి. పలచటి పలక, అరవై ఏళ్ళ పలక. ఒకసారి పొడిచిన కన్నం పూడదు. కదిలే గుర్రమే ఈ వాయిద్యానికి మర్యాద. పైగా, కదిలేది గనకనే మళ్ళీ సరిచేసుకోవచ్చన్నాడు. టేకు పీటను పారేయవద్దనీ, పెట్టెలోనే ఉంచమనీ చెప్పాడు. అదెందుకండీ అంటే, "అది కూడా దాని చరిత్రే" అని అమ్మాయి చేత చెప్పించాడు. నాకు అది కొంచెం ఎత్తిపొడుపులాగానే వినిపించింది.

బేసు లేకుండా పాదాలు అమర్చడం ఆయనవల్ల కాదు. ప్రతి బేసు పొట్టకూ వంపు వేరు. ఆ పని నేనే చెయ్యాలి. గుర్రాన్నీ, వెంట నాలుగు తీగలనూ కాగితంలో చుట్టి, పన్నుతో సహా బిల్లు రాసి, డబ్బు లెక్కపెట్టుకుని, దుకాణం మూసే వేళ దాటి ముప్పావుగంట అయిందని గడియారం చూపించి, గుమ్మందాకా వచ్చి సాగనంపాడు.

జూన్ నెలలో విజయనగరం చేరాను. అన్నయ్యకు డెబ్బై ఏడు. కాఫీ తాగుతూ ఉండగా ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. తీగలు విప్పడం, విరగడం, బూటుపాలిషు, అన్నీ. అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు.

"తీగలు విప్పింది నువ్వేనని నాకు ఆ రోజే తెలుసురా" అన్నాడు. "రెండు తీగలు బిరడాకు తిరగేసి చుట్టావు. పిల్లవాడు ముచ్చటపడ్డాడులే అని ఊరుకున్నాను." కొంచెం ఆగి, "ఆ చెక్కముక్కవల్ల అని మాత్రం అనుకోలేదు" అన్నాడు. తరువాత చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

టేకు పీట ఊడటానికి రెండు సాయంత్రాలు పట్టింది. పలచటి కత్తిని గోరువెచ్చగా కాచి, వజ్రం మెత్తబడేదాకా ఓపికగా కొంచెం కొంచెం లోపలికి పోనిచ్చాం. జిలుగు ఒక్కచోట గోరంత లేచింది, అది నా లెక్కలో వేసుకున్నాను. తరువాత పొట్టమీద గరుకు కాగితాన్ని గరుకువైపు పైకి పెట్టి, దానిమీద కొత్త గుర్రాన్ని ముందుకూ వెనక్కూ రుద్దాం. పొట్ట వంపే ఉలి అవుతుంది, పాదాలు దానికి తగినట్టు అరుగుతాయి. గంటన్నర రుద్దాక, పాదం కింద వెంట్రుక దూరే సందు కూడా లేకుండా కూర్చున్నది. లోహపుతోక గీరుకోకుండా కింద మెత్తటి గుడ్డ పరిచి, పాత కాలిముద్రలమీద కొత్త గుర్రాన్ని నిలబెట్టి, తీగలు బిగించాం. ఈసారి బిరడాలకు చుట్టింది అన్నయ్య. నన్ను ముట్టుకోనివ్వలేదు.

అన్నయ్య కొడుకు ఫోనులో శ్రుతి చూసే యంత్రం తెరిచాడు. పన్నెండో మెట్టుమీద తీగను నొక్కకుండా వేలు తాకించి మీటితే గంటలాంటి స్వరం వస్తుంది. తరువాత అక్కడే నొక్కి మీటాలి. రెండూ ఒకటైతే గుర్రం స్థానంలో ఉన్నట్టు. ఫోనులో ముల్లు నాలుగు తీగలకూ మధ్యలోనే నిలిచింది. "అయిపోయింది పెదబాబూ, సరిగ్గా ఉంది" అన్నాను నేను, అలవాటు చొప్పున చిన్నప్పటి పిలుపుతో.

అన్నయ్య ఫోను వైపు చూడలేదు. బేసు ఒళ్ళో పెట్టుకుని, కరెంటు కూడా తగిలించకుండా, పొట్టకు చెవి ఆనించి, లావు తీగను తాకించి ఒకసారి, నొక్కి ఒకసారి మీటాడు. మళ్ళీ మీటాడు.

"నాలుగో తీగ ఒక పిసరు ఎక్కువుందిరా. ఆ ముక్కను ఒక గాడి వెనక్కి జరుపు."

ముల్లు మధ్యలోనే ఉన్నదని అన్నయ్య కొడుకు గొణిగాడు. ఫోను దగ్గరికి తెచ్చి జాగ్రత్తగా చూస్తే, నడిగీతకు వెంట్రుకవాసి కుడిపక్కకు ఉన్నది.

నేను ముక్కను ఒక గాడి వెనక్కి జరిపాను.